రాజ్యాంగము కన్న విద్యాపీఠము
(హైదరాబాదు విశ్వవిద్యాలయ చరిత్ర – విద్యాశాఖల వికాసము)

మన దేశమున విశ్వవిద్యాలయములు పలువిధములుగా పుట్టినవి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు మాలవీయ పండితుని జోలె మూలము. ఉస్మానియాకు నిజాము ఫర్మానా మూలము. 1926లో నెలకొన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఆంధ్రుల చిరకాల వాంఛయే మూలము. కాని ఒక రాజకీయ కలహమునకు పరిష్కారముగా యోచింపబడి, తనకై భారత రాజ్యాంగమున ప్రత్యేకముగా ఒక అధికరణమును సంపాదించుకొని పుట్టిన విశ్వవిద్యాలయము మన తెలుగునాట ఒకటి కలదు. అదియే హైదరాబాదు విశ్వవిద్యాలయము. జనవ్యవహారమున దానిని సెంట్రల్ యూనివర్సిటీ యనియు, విద్యార్థులు హెచ్.సి.యు. అనియు పిలుచుచుందురు.

అధికరణములు, షెడ్యూళ్లు, గెజెట్ ప్రకటనలు కేంద్ర ప్రభుత్వోద్యోగులమగు మనకు నిత్యపరిచితములే. ఐనను ఒక అధికరణమునుండి ప్రయోగశాలలును గ్రంథాలయమును రంగస్థలమును ఎట్లు పుట్టినవో యోచించుటకు మనకు అవకాశము అరుదుగా లభించును. ఆ కథను సంగ్రహముగా చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

పుట్టుక

1956లో విశాలాంధ్రము ఏర్పడినప్పుడు తెలంగాణమునకు కొన్ని రక్షణలు వాగ్దానము చేయబడినవి. అవి సరిగా అమలు జరుగలేదను ఆవేదనతో 1969లో ప్రత్యేక తెలంగాణోద్యమము చెలరేగెను. అందు విద్యార్థులు ముందు నిలిచిరి. పెక్కుమంది ప్రాణములు గోల్పోయిరి. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగా, ఈ పర్యాయము కోస్తా, రాయలసీమ ప్రాంతములలో జై ఆంధ్రోద్యమము లేచెను. అందును విద్యార్థులే ముందుండిరి. 1973 జనవరిలో రాష్ట్రము రాష్ట్రపతి పాలన క్రిందికి వచ్చెను. ఇట్లు నాలుగేండ్ల వ్యవధిలో తెలుగుదేశమునందలి కళాశాలలన్నియు ఏదో యొకప్పుడు మూతపడినవే. చదువుకొనవలసిన యువకులు వీథులలో నుండిరి. వారు అడిగినవి రెండే: చదువుటకు చోటు, చదివినపిదప కొలువు.

1973 సెప్టెంబరు 21వ తేదీన వెలువడిన ఆరుసూత్రముల పథకము ఈ రెంటికిని సమాధానము చెప్పుటకు యత్నించెను. వెనుకబడిన ప్రాంతముల అభివృద్ధి, ప్రవేశములలోను ఉద్యోగములలోను స్థానికులకు ప్రాధాన్యము, ఉద్యోగుల వివాదములకు పాలనా న్యాయస్థానము మొదలగు వానితోపాటు, రాజధానిలో విద్యావకాశములను పెంచుటకై ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయమును నెలకొల్పవలెనని ఆ పథకము నిర్ణయించెను.

ఈ పథకమును అమలుపఱచుటకు రాజ్యాంగ 32వ సవరణము వచ్చెను. దానివలన 371-డి, 371-ఇ అను రెండధికరణములు చేరినవి. ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. 371-డి రాష్ట్రమును ప్రాంతములుగా విభజించి, ఎవరు ఎచ్చట స్థానికులో నిర్ణయించుటకు రాష్ట్రపతికి అధికారమిచ్చెను. దాని ప్రక్కనే నిలిచిన 371-ఇ, ఏ ప్రాంతమునకును చెందక దేశమంతటికిని ద్వారము తెఱచెడి విశ్వవిద్యాలయమును స్థాపించుటకు పార్లమెంటునకు అధికారమిచ్చెను. ఒకటి హద్దులు గీచినది. మఱియొకటి హద్దులు లేని చోటును సృష్టించినది. రెండును ఒకే గాయమునకు వేసిన మందులే. అదే సవరణముచే ఏడవ షెడ్యూలునందలి కేంద్ర జాబితా 63వ పద్దులో కాశీ, అలీగఢ్, ఢిల్లీ విశ్వవిద్యాలయముల సరసన ఈ భావి విశ్వవిద్యాలయమునకును స్థానము లభించెను. భవనమొక్కటియు లేకముందే దానికి ఇంతటి గౌరవము సిద్ధించెను.

1974లో పార్లమెంటు హైదరాబాదు విశ్వవిద్యాలయ చట్టమును చేసెను. ఆ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడు, విశ్వవిద్యాలయము అవతరించెను. రసాయనశాస్త్రజ్ఞులగు గురుబక్ష్ సింగుగారు ప్రథమోపాధ్యక్షులైరి. రాష్ట్రపతి దీనికి విజిటరు.

స్వర్ణద్వారము

క్రొత్త విశ్వవిద్యాలయమునకు మొదటి ఆశ్రయ మిచ్చిన గృహము సామాన్యమైనది కాదు. నాంపల్లి సమీపమున నున్న ‘గోల్డెన్ త్రెషోల్డ్’ అను ఆ భవనము సరోజినీదేవి నివాసము. ఆమె తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు, పిదప నిజాము కళాశాలగా ప్రసిద్ధిచెందిన విద్యాలయమునకు ప్రథమాధ్యక్షులు. 1905లో వెలువడిన సరోజినీదేవి ప్రథమ కవితాసంపుటి పేరే ఆ యింటికిని నిలిచినది. ఆమె కుమార్తె పద్మజానాయుడుగారి ఔదార్యమున ఆ గృహము విశ్వవిద్యాలయమునకు సంక్రమించెను. కవయిత్రి అతిథులను ఆదరించిన గదులలో ఆచార్యులు పాఠములు చెప్పిరి.

ఇట్టి చోటు పెద్ద ప్రయోగశాలలకు చాలదు. నగరమునకు పడమట, పాత బొంబాయి బాటమీద, గచ్చిబౌలి గ్రామసీమలో సుమారు 2,300 ఎకరముల భూమిని రాష్ట్ర ప్రభుత్వము విశ్వవిద్యాలయమునకై కేటాయించెను. నేడు గచ్చిబౌలి యనగానే అద్దాల మేడలు స్ఫురించును. నాడది రాళ్లగుట్టలు, తుప్పలు, చెఱువులు గల నిర్జన ప్రదేశము. కోట్ల సంవత్సరముల వయస్సుగల నల్లసేనపు బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచియుండును. పుట్టగొడుగు ఆకారమున నున్న ఒక బండ నేటికిని ఆ ప్రాంగణమునకు గుర్తుగా నున్నది. బస్సులు అరుదు, సాయంకాలమైనచో నక్కల కూతలు. విశ్వవిద్యాలయ శాఖలు క్రమక్రమముగా ఇచ్చటికి తరలివచ్చి స్థిరపడినవి.

స్కూలు అను మాటకు అర్థము

ఇచ్చటి విద్యావిభాగములకు స్కూళ్లని పేరు. ‘మా అబ్బాయి యూనివర్సిటీలో స్కూలునందు చదువుచున్నాడు’ అనినచో పల్లెలోని తాతగారు ‘ఇంకను స్కూలేనా?’ అని విస్తుపోవుట సహజము. కాని ఈ స్కూలు వేఱు. సజాతీయములైన శాస్త్రములను ఒక కప్పు క్రిందికి తెచ్చి, బోధనను పరిశోధనను జోడించిన విద్యానికాయమునకు ఆ పేరు. ఢిల్లీలో 1969లో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము అంతకుముందే ఈ పద్ధతిని అవలంబించియుండెను.

మన ప్రాంతములోని పాత విశ్వవిద్యాలయములు ప్రధానముగా అనుబంధ కళాశాలలు గలవి. వందలకొలది కళాశాలలకు పాఠ్యప్రణాళికలు నిర్ణయించుట, లక్షలకొలది సమాధానపత్రములు దిద్దించుట, పట్టములు పంచుట అను బరువును అవి మోయవలసియుండెను. పాఠము చెప్పినవారొకరు, ప్రశ్నపత్రము వ్రాసినవారు మఱియొకరు, మార్కులు వేసినవారు వేఱొకరు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఈ బరువు లేదు. తొలినాళ్లలో ఎం.ఏ., ఎం.ఎస్సీ. మొదలుకొని పైచదువులును పరిశోధనయు మాత్రమే ఇందుండెను. సంవత్సరమును సెమిస్టరులుగా విభజించి, బోధించిన గురువే శిష్యుని శక్తిని ఎప్పటికప్పుడు పరీక్షించు విధానము వచ్చెను. విద్యార్థులు కొలదిమందియే యగుటచే ప్రతివానిని గురువెఱుగును.

గణితము మఱియు కంప్యూటరు సమాచార శాస్త్రములు, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, జీవశాస్త్రములు, మానవీయశాస్త్రములు, సాంఘికశాస్త్రములు అను ఆరు స్కూళ్లు ఈ విశ్వవిద్యాలయమునకు పునాదిరాళ్లు.

విజ్ఞానశాస్త్రముల ప్రకాశము

ఒక విద్యాపీఠమునకు పేరు తెచ్చునది భవనము కాదు, అందలి మనుష్యులు. తొలి దశాబ్దమున ఇచ్చటికి వచ్చిన ఆచార్యులలో పెక్కురు యువకులు. వారికి పేరుప్రతిష్ఠలకన్న పనిమీద మక్కువ ఎక్కువ.

రసాయనశాస్త్రమున గోవర్ధన్ మెహతాగారు ప్రకృతిలోని జటిలమైన కర్బన పదార్థములను ప్రయోగశాలలో నిర్మించు విద్యలో దేశమునకే మార్గదర్శకులైరి. తరువాత 1994 నుండి 1998 వఱకు ఆయనయే ఉపాధ్యక్షులు. అదే స్కూలున గౌతమ్ దేశిరాజుగారు స్ఫటికనిర్మాణశాస్త్రమున నూతన మార్గము త్రొక్కిరి. అణువులు స్ఫటికములో ఏ క్రమమున చేరునో అనుదానిపై ఆ పదార్థపు గుణములు ఆధారపడును. ఒకే మందు ఒక విధముగా స్ఫటికమైనచో నీట సులభముగా కరగును. మఱియొక విధముగా నైనచో కరుగదు. ఉదజని బంధములవంటి బలహీనమైన ఆకర్షణలే ఈ కూర్పును నడుపునని గ్రహించి, కోరిన స్ఫటికమును ముందుగా రూపకల్పన చేయుటను గూర్చి ఆయన 1989లో ఒక ప్రామాణిక గ్రంథమును ప్రకటించిరి. ఈ విద్యకు ‘క్రిస్టల్ ఇంజనీరింగ్’ అని పేరు. గచ్చిబౌలి రాళ్లగుట్టల నడుమ జరిగిన ఈ కృషిని ప్రపంచమందలి ఔషధశాస్త్రజ్ఞులు శ్రద్ధతో చదివిరి.

భౌతికశాస్త్ర స్కూలున గిరీశ్ అగర్వాల్‌గారు కాంతికిని పరమాణువునకును గల సూక్ష్మసంబంధములను పరిశోధించి క్వాంటం కాంతిశాస్త్రమున అంతర్జాతీయ ఖ్యాతి గడించిరి. ఎలువత్తింగల్ జెమ్మిస్‌గారు పరమాణువుల కూర్పును గణితముతో విప్పిచెప్పు సైద్ధాంతిక రసాయనమున కృషి చేసిరి. ఈ మువ్వురు రసాయనికులలో మెహతాగారును జెమ్మిస్‌గారును, భౌతికులలో అగర్వాల్‌గారును శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారము నందినవారు. జీవశాస్త్రముల స్కూలున జీవరసాయనము, వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము విడివిడి గదులుగాక ఒకే కుటుంబమువలె పెరిగినవి. అదే నగరమున 1977లో కణజీవశాస్త్ర పరిశోధనాకేంద్రమగు సి.సి.ఎం.బి. వెలయుటయు ఈ విద్యకు అనుకూలించెను.

తెలుగునకు జరిగిన సేవ

అఖిలభారత విద్యాపీఠమున తెలుగునకు చోటెంత? ఇది మనవంటివారి మనస్సున సహజముగా పుట్టు ప్రశ్న. మానవీయశాస్త్రముల స్కూలున తెలుగు, హిందీ, ఉర్దూ, సంస్కృతము, ఆంగ్లము, తత్త్వశాస్త్రము, తులనాత్మక సాహిత్యము పక్కపక్కనే ఉన్నవి. తెలుగు చదువు విద్యార్థి నాలుగడుగులు వేసినచో ఉర్దూ గజలును, సంస్కృత వ్యాకరణమును వినగలడు. తెలుగును ఇరుగుపొరుగు భాషల వెలుగులో చూచుట ఇచ్చట సహజమైనది.

1986లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఉపాధ్యక్షులైరి. 1993 వఱకు ఆ పదవిలో నుండిరి. ఒంగోలున జన్మించిన ఈ మహాశయుడు తెలుగు క్రియాధాతువులపై 1961లో వెలువరించిన గ్రంథముతోడనే లోకప్రసిద్ధుడయ్యెను. రైతులు, చేనేతవారు, తదితర వృత్తులవారు వాడు పదములను ఊరూర తిరిగి సేకరించు మాండలిక వృత్తిపదకోశ మహాకార్యమునకు ఆద్యుడు. ద్రావిడభాషలపై ఆయన 2003లో ప్రకటించిన బృహద్గ్రంథము నేటికిని ఆ శాస్త్రమునకు ప్రమాణము. భాషాశాస్త్రజ్ఞుడు విశ్వవిద్యాలయమునకు పెద్దదిక్కగుటవలన, ‘శాస్త్రములు గొప్పవి, భాషలు కొద్దివి’ అను తారతమ్యము ఇచ్చట వేరూనలేదు.

అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రమున 1990 దశాబ్దమున మఱియొక ముచ్చటైన పని జరిగెను. కాన్పూరు ఐ.ఐ.టి.లో పుట్టిన ‘అనుసారక’ అను యంత్రానువాద యత్నము ఇచ్చటికి తరలివచ్చి, తెలుగు మొదలగు భాషలనుండి హిందీలోనికి కంప్యూటరు సాయమున భావమును తెచ్చుటకు కృషి చేసెను. తెలుగు పదమునకు ప్రత్యయములు చేరి మాట గొలుసువలె పొడవగును. ఆ గొలుసులోని కొలుకులను విడదీసి యంత్రమునకు నేర్పవలెను. పాణిని దారిని కంప్యూటరునకు చూపిన ఈ కృషి, నేడు చేతిలోని ఫోనే అనువాదము చేయుచున్న కాలమున, మఱువరానిది.

1988లో సరోజినీదేవి పేర కళలకును సమాచారమునకును ఒక స్కూలు ఏర్పడెను. నాటకము, నృత్యము, చిత్రకళ, సంగీతము, పత్రికారచన అందలి పాఠ్యములు. కూచిపూడి భాగవతుల అడుగులు విశ్వవిద్యాలయ పట్టమునకు అర్హములైనవి. ఒకప్పుడు ఊరూర తిరిగి ఆడిన కళ, పరిశోధనాంశమై డాక్టరు పట్టము పొందుట మన కాలమున జరిగిన గొప్ప మార్పు.

విస్తరణము

తరువాతి ఉపాధ్యక్షులలో ఇద్దరు తెలుగువారు ప్రత్యేకముగా స్మరణీయులు. 1999 నుండి 2002 వఱకు పల్లె రామారావుగారు. ఆయన లోహశాస్త్రమున దేశమునకు పెద్ద. పిదప 2005 వఱకు కోట హరినారాయణగారు. తేజస్ అను తేలికపాటి యుద్ధవిమానమునకు రూపకల్పన చేసిన బృందమునకు నాయకులు. విజ్ఞానమును దేశరక్షణతోను పరిశ్రమతోను కలుపు ఆలోచన వీరి కాలమున బలపడెను. రక్షణ పరిశోధనా సంస్థ పోషణమున అధికశక్తిగల పదార్థములపై పరిశోధనాకేంద్రము ఏర్పడెను. నిర్వహణశాస్త్రము, వైద్యశాస్త్రములు, ఇంజనీరింగు శాస్త్రములు క్రమముగా స్కూళ్లైనవి. గణిత కంప్యూటరు శాస్త్రములు పెరిగి పెద్దవై, అన్నదమ్ములవలె వేఱింటి కాపురము పెట్టినవి. అర్థశాస్త్రమును తన స్కూలును తాను సంపాదించుకొనెను. ఆఱుగా మొదలైన స్కూళ్లు నేడు పండ్రెండు.

2002లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము ‘ఔన్నత్యమునకు అర్హములు’ అని తొలుత ఎంచిన అయిదు విశ్వవిద్యాలయములలో ఇదియొకటి. 2006లో ఇంటరు ముగించిన పిల్లలకై అయిదేండ్ల ఎం.ఏ., ఎం.ఎస్సీ. చదువులు ప్రారంభమైనవి. పరిశోధకులకే పరిమితమైన ప్రాంగణమున పదునెనిమిదేండ్ల బాలబాలికలు కనబడిరి. 2019లో కేంద్ర ప్రభుత్వము దీనిని ‘ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్’గా ప్రకటించెను. విద్యార్థులు నేడు సుమారు 5,000 మంది. పెద్ద విశ్వవిద్యాలయములతో పోల్చిన ఇది చిన్న సంఖ్యయే. ఆ చిన్నతనమే దాని బలము.

పరీక్షాసమయములు

ఈ కథ కీర్తిపాఠముగా మాత్రమే ముగిసినచో చరిత్ర కాజాలదు. దేశపు నలుమూలలనుండి, ముఖ్యముగా కుటుంబమున తొలిసారిగా చదువు గడపద్రొక్కిన దళిత, గిరిజన, వెనుకబడిన తరగతుల యింటినుండి వచ్చిన పిల్లలకు ఈ ద్వారము తెఱచియున్నది. కాని ద్వారము తెఱచినంతమాత్రమున లోపల ఆదరము సిద్ధించునని లేదు. 2016 జనవరి 17న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణము దేశమునంతను కలచివైచెను. విద్యాపీఠములలో కులవివక్షను గూర్చి అనంతరము జరిగిన చర్చ పార్లమెంటు వఱకు పోయెను. స్థానికులకు న్యాయము జరుగవలెనను ఉద్యమములనుండి పుట్టిన విశ్వవిద్యాలయమునకు, న్యాయమును గూర్చిన ప్రశ్న మఱియొక రూపమున తిరిగివచ్చెను.

రెండవ పరీక్ష భూమిని గూర్చినది. నిర్జనమైన గచ్చిబౌలి నగరపు గుండెకాయ యగుటతో ఎకరము విలువ కోట్లకు చేరెను. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములను రాష్ట్ర ప్రభుత్వము 2003లో ఒక క్రీడాసంస్థకు కేటాయించి, 2006లో ఆ కేటాయింపును రద్దుచేసెను. వివాదము న్యాయస్థానములలో 2024 వఱకు నడచి ప్రభుత్వమునకు అనుకూలముగా ముగిసెను. 2025 మార్చి కడపట ఆ నేలను చదును చేయుటకు యంత్రములు ప్రవేశింపగా విద్యార్థులు అడ్డుపడిరి. జింకలు, నెమళ్లు తిరుగు చోటున చెట్లు కూలుచున్న దృశ్యములు దేశమంతట ప్రచారమయ్యెను. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు తనంతట తాను జోక్యము చేసికొని చెట్లు కొట్టుటను ఆపించెను. యాజమాన్యము ఎవరిదను ప్రశ్న న్యాయశాస్త్రమునకు సంబంధించినది. విద్యాపీఠమునకు చుట్టును కొంత నిశ్శబ్దము, కొంత పచ్చదనము, రేపటి స్కూలునకు కొంత ఖాళీ నేల అవసరమా కాదా అను ప్రశ్న మాత్రము మనయందఱిదియు.

ముగింపు

2014 జూన్ 2న రాష్ట్రము రెండయ్యెను. ఆరుసూత్రములు ఏ కలహమును చల్లార్చుటకు పుట్టినవో ఆ కలహము వేఱొక విధముగా పరిష్కారమయ్యెను. ముల్కీ నిబంధనలు చరిత్రలో కలిసినవి. ప్రాంతీయసంఘములు పోయినవి. నాటి రాజకీయులలో పెక్కురు గతించిరి. ఆ ఒప్పందమునుండి నేటికిని సజీవముగా నిలిచిన కొలదివానిలో ఈ విశ్వవిద్యాలయము ముఖ్యమైనది. తెలంగాణ బాలుడును, కోస్తా బాలికయు, మణిపురి విద్యార్థియు, కేరళీయుడును అచ్చట ఒకే బల్ల చుట్టును కూర్చుండి చదువుచున్నారు.

బదిలీలపై దేశమంతట తిరుగు మన పిల్లలకు స్థానికతయే పెద్దచిక్కు. ఏ రాష్ట్రమునకు పోయినను ‘మీరు స్థానికులు కారు’ అను మాట వినవలసియుండును. అట్టివారికి ఎచ్చట పుట్టితివని యడుగక, ఏమి నేర్చెదవని యడుగు చదువుల చోటు ఎంతటి విలువ గలదో మనకు వేఱుగ చెప్పనక్కరలేదు. 1973లో వీథులలో నిలిచిన యువకులు అడిగినది చోటు. వారి సంతానమునకు, మన సంతానమునకును ఆ చోటు దక్కినది. దానిని చిన్నబుచ్చక, చిక్కిపోనీయక, తరువాతి తరమునకు అప్పగించుట మన కర్తవ్యము.